పద్దులో లేని పేరు: ‘మదర్ ఇండియా’ నుంచి మన కౌలుదారు దాకా

(మహాసభల సాహిత్య వేదిక మీద చేసిన ప్రసంగ పాఠం)



“పల్లెటూరి కష్టసుఖాల మీద వచ్చిన ఒక సినిమా తీసుకుని మాట్లాడండి, ఇరవై నిమిషాలు దాటకూడదు” అన్నారు నిర్వాహకులు. నేను సినిమా విమర్శకుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్లుగా డేటాబేసులతో కాపురం చేస్తున్నవాణ్ణి. పట్టికలు, వాటిలో గడులు, ఏ గడిలో ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు, ఇదే నా రోజువారీ పని. కాబట్టి ఈ సినిమాను కూడా ఆ కళ్లతోనే చూశాను. నర్గీస్ నటన గురించో, నౌషాద్ సంగీతం గురించో వినాలని వచ్చినవారు నన్ను క్షమించాలి. వాటి గురించి చెప్పేవాళ్లు నాకన్నా గట్టివాళ్లు చాలామంది ఉన్నారు.

నేను ఎంచుకున్న సినిమా ‘మదర్ ఇండియా’. 1957 అక్టోబరు 25న విడుదలైంది. తీసినవాడు మెహబూబ్ ఖాన్, గుజరాత్ వాడు, పెద్దగా బడి చదువు లేనివాడు. ఆస్కార్ పోటీకి మన దేశం పంపిన తొలి చిత్రం ఇదే. చివరి జాబితా దాకా వెళ్లి, ఇటలీ దర్శకుడు ఫెలీనీ తీసిన ‘నైట్స్ ఆఫ్ కబీరియా’కి బహుమతి వదులుకుని వచ్చింది. ఉత్తర నైజీరియాలో కానో నగరంలో హిందీ ఒక్క ముక్క రానివాళ్లు కూడా దశాబ్దాల పాటు దీన్ని మళ్లీ మళ్లీ చూశారు. మన తెలుగులో 1971లో ‘బంగారు తల్లి’గా వచ్చింది. జమున తల్లి వేషం వేశారు, శోభన్ బాబు, కృష్ణంరాజు కొడుకులు. దర్శకుడు తాపీ చాణక్య. 1955లో ‘రోజులు మారాయి’ తీసిన చాణక్యే ఆయన. రైతుకీ భూస్వామికీ మధ్య పోరు తెలుగు తెరకి కొత్త కాదని, 1939 నాటి గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ నుంచీ ఉన్నదేనని ఇక్కడి పెద్దలకి నేను చెప్పక్కర్లేదు.

కథ మీలో చాలామందికి తెలుసు. అయినా పిల్లల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. రాధ అనే పిల్ల శాము ఇంటికి కోడలిగా వస్తుంది. పెళ్లి ఘనంగా చేయాలని శాము తల్లి ఊళ్లో షావుకారు సుఖీలాలా దగ్గర 500 రూపాయలు అప్పు తెచ్చింది, భూమి తాకట్టు పెట్టింది. తరవాత తెలుస్తుంది, కాగితంలో రాసుకున్న షరతు ఏమిటో. ముసలావిడ చెప్పేది ఒకటి, కాగితం చెప్పేది ఇంకొకటి. పంచాయితీ పెడతారు. పెద్దలు కాగితం వైపే తీర్పు చెబుతారు. ఆ రోజు నుంచి ఏటా పండినదాంట్లో నాలుగింట మూడు పాళ్లు వడ్డీ కింద షావుకారుకి వెళ్లాలి.

అక్కణ్ణుంచి అన్నీ కష్టాలే. ఆ ఉరి తప్పించుకోవాలని మొగుడూ పెళ్లాం రాళ్ల నేల బాగుచేయబోతారు. బండరాయి కింద పడి శాము చేతులు రెండూ నలిగిపోతాయి. అవమానం భరించలేక ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. అత్త పోతుంది. వరద వచ్చి ఇళ్లూ పంటా కొట్టుకుపోతాయి. పసిబిడ్డలు దక్కరు. ఆ స్థితిలో సుఖీలాలా వచ్చి, తన దగ్గరికి వస్తే అన్నం పెడతానంటాడు. రాధ ఒప్పుకోదు. ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోతుంటే, బురదలో నిలబడి, పోవద్దని ఆపుతుంది. మళ్లీ దున్నుతారు. ఎద్దులు లేకపోతే తనూ, ఇద్దరు కొడుకులూ కాడి పడతారు. ఆ బొమ్మే మనందరికీ గుర్తు: భుజాన నాగలి మోస్తున్న ఆడమనిషి.

పెద్దకొడుకు రాము నెమ్మదస్తుడు. చిన్నవాడు బిర్జూ నిప్పు. తల్లి గాజులు షావుకారు దగ్గర తాకట్టులో ఉన్నాయన్నది వాడి గుండెలో ముల్లు. చివరికి బందిపోటు అవుతాడు, సుఖీలాలాను చంపుతాడు, పద్దుల పుస్తకాలు తగలబెడతాడు, షావుకారు కూతుర్ని పెళ్లిపీటల మీంచి ఎత్తుకుపోబోతాడు. ఊరి ఆడపిల్ల మానం కోసం రాధ తన కన్నకొడుకునే కాల్చేస్తుంది. ఇదీ కథ.

ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా ఒకే మాట అంటారు: ఎన్ని కష్టాలొచ్చినా తట్టుకుని నిలబడిన తల్లి కథ అని. నిజమే. కానీ ఒక్కసారి కష్టాలన్నిటినీ వరసగా రాసుకుని చూడండి. నేను మొదటిసారి అలా చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. వరద ఒక్కటే దేవుడు చేసింది. మిగతావన్నీ ఆ కాగితం దగ్గరికే వెళ్లి ఆగుతాయి. ఆ వరద కూడా అందరినీ ఒకలాగే ముంచి ఉండవచ్చు, కానీ గాదెలో నాలుగింట మూడు పాళ్లు అప్పటికే వేరే ఇంటికి చేరిపోయినవాళ్లకి వరద తరవాతి రోజు తినడానికి ఏముంటుంది? ఆకలికి వరద తోడైంది గానీ, ఆకలి అంతకు ముందు నుంచీ ఆ ఇంట్లో ఉంది.

ఆ అప్పు లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఉదాహరణకి పొలంలో 40 బస్తాలు పండాయనుకోండి. 30 షావుకారుకి, 10 ఇంటికి. మంచి ఏడాది, 60 పండాయి. 45 షావుకారుకి, 15 ఇంటికి. కరువు, 20 పండాయి. 15 అటు, 5 ఇటు. మూడు సందర్భాల్లోనూ అసలు ఎంత? 500. ముందూ 500, తరవాతా 500. ఇచ్చేదంతా వడ్డీయే కాబట్టి అసలు ఒక్క రూపాయి తగ్గదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది బయటికి దారి లేని లూపు. లోపల తిరిగేవాడు ఎంత కష్టపడినా తిరుగుతూనే ఉంటాడు. ఇందులో లోపం ఆ తిరిగేవాడి కష్టంలో లేదు, రాసినవాడు అలాగే రాశాడు. పైగా రాసినదాన్ని చదివే శక్తి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఊళ్లో చదువు చెప్పే చంద్ర ఉంది గానీ బిర్జూకి ఆ చదువు ఒంటబట్టదు. చదవలేని పుస్తకాన్ని చివరికి తగలబెడతాడు.

మెహబూబ్ ఖాన్ ఇదే కథను 1940లో ‘ఔరత్’ పేరుతో ఒకసారి తీశాడు. అందులో తల్లి వేషం సర్దార్ అఖ్తర్ వేసింది. పదిహేడేళ్ల తరవాత మళ్లీ తీసినప్పుడు కథానాయిక మారింది, నలుపు తెలుపు రంగుల్లోకి మారింది, మధ్యలో దేశానికి స్వాతంత్ర్యమే వచ్చింది. సుఖీలాలా వేషం మాత్రం రెండింట్లోనూ కన్హయ్యాలాలే వేశాడు. ఎవరూ మార్చాల్సిన అవసరం ఉందనుకోలేదు. నాకు ఈ సినిమాల చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన చిన్న సంగతి ఇదే.

సినిమా మొదలయ్యేది ముసలి రాధతో. ఊరికి కాలవ వచ్చింది, ఆవిడ చేత తెరిపిస్తారు. ట్రాక్టర్లు, ఆనకట్టలు, కరెంటు స్తంభాలు కనబడతాయి. ఆ రోజుల ఆశ అది. మనకీ ఉంది ఆ ఆశ. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. పల్నాడులో, నల్గొండలో, ఖమ్మంలో ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నీళ్లు వచ్చాయి, నిజంగానే బతుకులు మారాయి. ఆ పంటల మీద చదివించిన పిల్లలమే మనం ఇక్కడిదాకా వచ్చాం.

కానీ సినిమాలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. కాలవని ప్రభుత్వం తెచ్చింది. పద్దుల పుస్తకాన్ని ఎవరు సరిచేశారు? ఎవరూ చేయలేదు. ఒక బందిపోటు తగలబెట్టాడు, ఆ బందిపోటుని తల్లి కాల్చేసింది. నీటికి సమాధానం చెప్పిన సినిమా కాగితానికి సమాధానం చెప్పలేదు. సినిమా కాబట్టి అక్కడ ‘సమాప్తం’ అని వేసి లేచిపోవచ్చు. మన ఊళ్లలో ఆ కథ ఇంకా సమాప్తం కాలేదు. నేను ఈ వేదిక ఎక్కింది ఆ మాట చెప్పడానికే.

ఇప్పుడు ఈ సభలో ఒక చిన్న ప్రశ్న. చేతులు ఎత్తక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు. మీలో ఎంతమందికి ఊళ్లో పొలం ఉంది? మన పేర అయినా, అమ్మానాన్నల పేర అయినా, రెండెకరాలైనా, పదెకరాలైనా? దాదాపు సగం మందికి ఉంటుంది. ఆ పొలం ఎవరు దున్నుతున్నారు? మనం కాదు. అన్నదమ్ములు కూడా హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉంటారు. దున్నేవాడు కౌలుదారు. ఆయన పూర్తి పేరు మనలో ఎంతమందికి తెలుసు? సంవత్సరానికి ఎకరానికి ఇన్ని బస్తాలని తెలుసు, డబ్బు ఏ నెలలో పడుతుందో తెలుసు. పేరు అడిగితే “ఆ... అదే, మన పాత పాలేరు కొడుకు” అంటాం.

ఆయన పేరు మనకే కాదు, కాగితానికీ తెలియదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మనది. మాట మీద నడిచే కౌలుకి కాగితం ఉండదు. కాగితం లేని రైతుకి బ్యాంకు పంట రుణం ఇవ్వదు. పంట రుణం మీద కేంద్రం వడ్డీ రాయితీ ఇస్తుంది: మూడు లక్షల లోపు అయితే ఏడు శాతం, గడువులోగా కడితే నాలుగు శాతం. అదే రైతు ఎరువుల కొట్లోనో, ధాన్యం కమీషను వ్యాపారి దగ్గరో తెస్తే నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే సంవత్సరానికి ఇరవై నాలుగు. ఒక లక్ష రూపాయల మీద ఒకచోట 4,000, ఇంకోచోట 24,000. ఒకే చేను, ఒకే వరి, ఒకే వాన. తేడా 20,000. ఆ తేడాకి కారణం ఆయన వ్యవసాయం తెలియనివాడు కావడం కాదు, పట్టికలో ఆయన పేరుకి గడి లేకపోవడం. పైగా అప్పిచ్చిన వ్యాపారికే పంట తోలాలి, అతను చెప్పిన రేటుకే తోలాలి. సుఖీలాలా పంచె కట్టు మార్చి ప్యాంటు వేసుకున్నాడు, అంతే.

గడి అన్నాను కదా, అది అలంకారంగా అనలేదు. మా వృత్తిలో మేం చేసే అతి తేలికైన పని ఒక పట్టికలోంచి ఒక కాలం తీసేయడం. ఒక్క లైను రాస్తే పోతుంది. తెలంగాణలో పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు పేరు రాసే కాలం ఉండేది. భూమి ఎవరిది అన్నది ఒకచోట, దున్నుతున్నది ఎవరు అన్నది ఇంకోచోట. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన, 2020లో వచ్చిన ధరణి, ఈ మార్పుల్లో ఆ కాలం లేకుండా పోయింది. కంప్యూటరు తెర మీద పట్టిక శుభ్రంగా కనబడుతుంది. కానీ ఎన్నో ఏళ్లుగా ఆ గడిలో ఉన్న మనుషులు తెల్లారేసరికి రికార్డు ప్రకారం వ్యవసాయం చేయనివాళ్లు అయిపోయారు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. వ్యవస్థ పేరు ఏదైనా, అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దున్నేవాడి పేరు రాయడానికి అందులో చోటుందా?

2018 మే 10న తెలంగాణలో రైతుబంధు మొదలైంది. పంట సాయంగా ఎకరానికి సీజనుకి 4,000 రూపాయలు. ఎవరికి? పట్టాదారుకి. పట్టాదారు డాలస్‌లో ఉన్నా, డబ్లిన్‌లో ఉన్నా సరే. ఆ చేలో మోకాటి లోతు బురదలో దిగినవాడు కౌలుదారైతే ఆ సాయం ఆయనది కాలేదు. నేను ఏ పార్టీనీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పాసుపుస్తకం చూసి డబ్బు వేయడం తేలిక. రాసున్న పేరుకే డబ్బు వెళుతుంది, పాపం కంప్యూటరుకి ఇంకేం తెలుసు?

“అయితే కౌలుదారుకి కాగితం రాసిస్తే సరిపోతుందిగా” అంటారు. అక్కడే భయం ఉంది. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. తెలంగాణలో 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకి గట్టి హక్కులిచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1956లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1974లో దాన్ని సవరించి కౌలుదారుకి ఇంకా బలం ఇచ్చారు. ఆశయం మంచిదే. ఊళ్లలో జరిగింది వేరు. “కాగితం రాస్తే పొలం పోతుంది” అన్న మాట తాతల నుంచి మనవలకి ఆస్తితో పాటు సంక్రమించింది. కౌలు మొత్తం నోటి మాట మీదికి వెళ్లిపోయింది. రైతుకి రక్షణగా రాసిన చట్టం ఉన్నందువల్లే రైతు పేరు కాగితం మీద లేకుండా పోవడం మన చరిత్రలో ఒక విచిత్రం. రెండెకరాల మీద బతికే వితంతువుకి, కొడుకులు దూరాన ఉన్న ముసలి దంపతులకి ఆ భయం ఉండటంలో తప్పు లేదు.

ఆ భయం పోగొట్టడానికే తరవాతి చట్టాలు వచ్చాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చి, కౌలుదార్లకి రుణ అర్హత కార్డులిచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం యజమానీ సాగుదారూ 11 నెలలకి ఒప్పందం రాసుకుంటారు. సాగుదారు హక్కు పంట మీదే, భూమి మీద యజమాని హక్కు చెక్కుచెదరదు అని చట్టంలోనే రాశారు. ఆ కార్డుకి కావలసింది యజమాని సంతకం. అదే దొరకడం కష్టమైంది. సంతకం పెట్టవలసిన యజమానుల్లో చాలామంది ఊళ్లో లేరు. ఎక్కడున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాకు దగ్గరగా జరిగింది ఒకటి చెబుతాను. తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ పేర మూడెకరాల పొలం ఉంది. 2021 ఖరీఫ్‌కి ముందు మా పొలం చేసే బాబాయ్ ఫోన్ చేశాడు. చుట్టం కాదు, వరసకి అలా పిలుస్తాను. “అబ్బాయ్, అక్కయ్యగారి సంతకం ఒకటి కావాలి. కార్డు ఇస్తారంట. పేరు లేనోడికి అప్పెవరిస్తార్రా?” అన్నాడు. అమ్మని అడిగితే “సంతకం పెడితే పొలం పోదు కదా?” అంది. చుట్టాలు నలుగురూ వద్దన్నారు. నేను చట్టం తెప్పించుకుని, పని ఒప్పుకునే ముందు కాంట్రాక్టు చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఫోన్లో అమ్మకి ఒక్కో సెక్షనూ తెలుగులో చెప్పాను. అంతా విని ఆవిడ ఒకటే అడిగింది, “ఇంత చిన్న కాగితమా? మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?” మర్నాడే వెళ్లి సంతకం పెట్టింది.

కార్డు రాగానే కనకవర్షం కురిసిందని చెప్పను. బ్యాంకుకి వెళితే ఆ సర్వే నంబరు మీద యజమాని పేర పంట రుణం ముందే ఉంది, ఒకే భూమి మీద ఇద్దరికి ఇవ్వలేం అన్నారు. అది ఎప్పుడో నాన్నగారు ఉన్న రోజుల నుంచీ ఏటా తిరగరాస్తున్న రుణం. అది తీర్చేశాక, మరుసటి ఏడాదికి బాబాయ్‌కి రుణం వచ్చింది. అవసరమైనదాంట్లో సగం వచ్చింది. మిగతా సగం బయటే తెచ్చుకున్నాడు. ఈ-పంటలో మాత్రం ఆయన పేరే ఎక్కింది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో తేలాయి. మా పొలం కూడా అంతే. ఫోన్లో బాబాయ్ పంపిన ఫోటో చూస్తే నాకు ‘మదర్ ఇండియా’లో వరద దృశ్యమే గుర్తొచ్చింది. ఆ ఏడాది కౌలు అమ్మ అడగలేదు. పంట నష్టపరిహారం ఆలస్యంగానే వచ్చింది, కొంచెమే వచ్చింది. కానీ ఆయన పేర వచ్చింది, ఆయన ఖాతాలో పడింది. అదే ఊళ్లో కార్డు లేని కౌలుదార్ల చేలకి వచ్చిన డబ్బు ఆ పొలాల యజమానుల ఖాతాల్లో పడింది. కొంతమంది తీసి ఇచ్చారు. కొంతమంది ఇవ్వలేదు. ఇచ్చినా ఇవ్వకపోయినా, తన పంట పోయినందుకు వచ్చిన డబ్బుని ఒకరి గుమ్మంలో నిలబడి అడగవలసి రావడం ఎలా ఉంటుందో సుఖీలాలా అరుగు ముందు నిలబడ్డ రాధని చూసినవాళ్లకి వేరే చెప్పాలా?

మనం రాధని చూసి చప్పట్లు కొడతాం. ఎంత ఓర్పు, ఎంత ధైర్యం అంటాం. సినిమాలో ఊరు మళ్లీ నిలబడ్డాక నూర్చిన గడ్డి కుప్పల మధ్య జనం భారతదేశ పటం ఆకారంలో నిలబడతారు. కళ్లు చెమర్చే దృశ్యమే. నేనూ చాలాసార్లు చూశాను. కానీ ఓర్పుని మెచ్చుకోవడంలో ఒక సుఖం ఉంది. మెచ్చుకునేవాడికి ఖర్చు లేదు. ఆవిడకి అంత ఓర్పు ఎందుకు అవసరమైంది అని అడిగితే మాత్రం మన చేతిలో ఉన్న కాగితం దగ్గరికి ప్రశ్న వస్తుంది. మన పల్లె రైతు తట్టుకోగలడు, నిజమే. నాలుగు శాతానికి దొరికే అప్పుని ఇరవై నాలుగుకి తెచ్చుకుని కూడా తట్టుకోవాలి అని మనం ఎందుకు నిర్ణయించాలి?

ప్రతి మహాసభల్లోనూ మన ఊళ్ల కోసం ఏదో ఒకటి చేయాలని మనమే అనుకుంటాం. బడికి గదులు కడతాం, మంచినీళ్ల ప్లాంటు పెడతాం, గుడికి గోపురం వేయిస్తాం. అన్నీ మంచివే, వాటికి చందాలు కావాలి. నేను చెప్పేదానికి చందా అక్కర్లేదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు నాలుగు పనులు చేయండి.

మొదటిది, మీ పొలం చేసే మనిషి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కనుక్కోండి. రెండోది, సాగుదారు కార్డుకి ప్రస్తుతం ఏ కాగితం, ఎవరి సంతకం అడుగుతున్నారో ఆంధ్రలో అయితే గ్రామ సచివాలయంలో, తెలంగాణలో అయితే మండల వ్యవసాయాధికారి దగ్గర అడగండి. చట్టాలు మారుతుంటాయి, పాత మాట పట్టుకుని వెనక్కి తగ్గకండి. చదివి, మీ హక్కుకి భంగం లేదని తేల్చుకుని, సంతకం పెట్టండి. మీరు వెళ్లలేకపోతే ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో చదివి వినిపించండి. మూడోది, మీరు దున్నని పొలం మీద మీ పేర పంట రుణం ఉంటే తీర్చేయండి. అది దున్నేవాడికి రావలసిన రుణం. నాలుగోది, తుపానొచ్చినా కరువొచ్చినా బస్తాలు తగ్గవు అనే కౌలు పెట్టుకోకండి. పండినదాన్ని బట్టి తగ్గించే మాట ముందే అనుకోండి.

ఇది వ్యవసాయ సమస్యలన్నిటికీ మందు అని నేను అనడం లేదు. గిట్టుబాటు ధర ఉంది, నీళ్లున్నాయి, ఎరువులున్నాయి, పెద్దవాళ్లు తేల్చవలసినవి చాలా ఉన్నాయి. అవి తేలేదాకా మనం ఆగక్కర్లేని పని ఇదొక్కటి. దీనికి ప్రభుత్వం అక్కర్లేదు, ఆనకట్ట అక్కర్లేదు. ఒక పెన్ను కావాలి.

కొన్నాళ్ల క్రితం మా అమ్మాయి నాతో కూర్చుని ఈ సినిమా చూసింది. పద్నాలుగేళ్లది, తెలుగు వస్తుంది, హిందీ రాదు, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూసింది. అయిపోయాక నన్ను ఒక ప్రశ్న అడిగింది. “నాన్నా, ఆ పుస్తకం ఎవరైనా మంచివాళ్లు రాసి ఉంటే వాళ్లు అంత ఏడవక్కర్లేదు కదా?”

అంతకన్నా బాగా ఈ సినిమా గురించి నేనేమీ చెప్పలేను. ఇప్పుడు ఆ పుస్తకం మన దగ్గర ఉంది.